చేసిన పని కాగితం మీద కనబడాలి: రెజ్యూమె గురించి మేనకోడలికి ఒక లేఖ

రాజమహేంద్రవరం

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి రాయునది.

నీవు పంపిన రెజ్యూమెను మొన్న రాత్రి ఒకసారి, తెల్లవారాక మరొకసారి నిదానంగా చదివాను. కాకినాడలో రొయ్యల ఎగుమతి ప్లాంటులో నాణ్యతా విభాగానికి దరఖాస్తు చేయబోతున్నావని అక్కయ్య చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. భీమవరం దగ్గర ఆక్వా ల్యాబులో నీవు చేసిన పని గురించి సంక్రాంతికి వచ్చినప్పుడు పూసగుచ్చినట్లు చెప్పావు, అదంతా నాకు బాగా గుర్తుంది. కానీ అందులో పదో వంతు కూడా ఈ రెండు పేజీలలో కనబడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కర్మాగారంలో పర్సనల్ విభాగంలోనే ఉండి, వచ్చిన దరఖాస్తులు చదివి ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలో తేల్చే పని చేసినవాణ్ణి కనుక, నీ రెజ్యూమెలో ఏది ఉండాలో, ఏది తీసివేయాలో నాకు తోచినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా చదివేవారి సంగతి తెలుసుకో. ఒక్క ఉద్యోగానికి ప్రకటన ఇస్తే దరఖాస్తులు కుప్పలుగా వచ్చి పడతాయి. చదివే మనిషికి ఆ రోజు చేయవలసిన పనులు వేరే ఎన్నో ఉంటాయి. రొయ్యలు పట్టే రోజున కొనుగోలుదారు చెరువులోని రొయ్యలన్నింటినీ చూడడు కదా. వలలోంచి కొన్ని తీసి తూచి, కిలోకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి కౌంటు తేలుస్తాడు, ధర ఆ కౌంటును బట్టే పలుకుతుంది. రెజ్యూమె చదివే వ్యక్తి కూడా మొదటి పేజీ పై సగం చూసి, మిగిలినది చదవాలా వద్దా అన్నది అక్కడే నిర్ణయించుకుంటాడు. నీ మొదటి పేజీ పై సగంలో ఏమున్నాయి? ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అవివాహిత అన్న మాట, ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా, ఆ కింద ఎక్కడి నుంచో తీసుకున్న ఒక ఆశయ వాక్యం. నీవు ల్యాబులో పనిచేశావన్న సంగతి రెండో పేజీకి వస్తే గానీ తెలియడం లేదు.

నెట్ సెంటరులో ఉన్న పాత నమూనాలోనే పేరు మార్చి ఇచ్చినట్లున్నారు. మన వైపు పెళ్ళి సంబంధాలకు ఇచ్చే బయోడేటాలో ఉండవలసిన వివరాలు చాలా వరకు అలాంటి నమూనాలలోకి వచ్చి చేరుతున్నాయి. తండ్రి పేరు, కులం, మతం, ఎత్తు, వివాహ స్థితి, ఆధార్ నంబరు, ఇవేవీ ఉద్యోగానికి మొదటిసారి పంపే కాగితంలో అవసరం లేదు. ఆధార్ నంబరు అయితే ముక్కూముఖం తెలియని వారి చేతిలో పెట్టడం ప్రమాదం కూడా. ఉద్యోగం ఖాయమైన తరువాత కంపెనీ వారే అడిగి తీసుకుంటారు. చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అంటూ సంతకం, తేదీ, స్థలం పెట్టే అలవాటు కూడా మనకు చాలాకాలంగా ఉంది. ప్రకటనలో అడిగితే తప్ప దానిని తీసివేసి ఆ చోటును నీ పనికి వాడుకో. ఫోటో కూడా అడిగినప్పుడే పెట్టాలి. గల్ఫ్ దేశాల సంస్థలు ఫోటో, జాతీయత, పాస్‌పోర్టు గడువు వంటివి అడగడం మామూలే గానీ, నీవు ఇప్పుడు పంపబోయేది అక్కడికి కాదు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పదో తరగతి మార్కుల జాబితాలో నీ పేరు ఎలా ఉందో రెజ్యూమెలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఇంకొక చోట పూర్తిగా, మరొక చోట చివరగా ఉంటే తరువాత సర్టిఫికెట్లు సరిచూసేటప్పుడు నీకే ఇబ్బంది అవుతుంది. చిరునామాకు ‘అమలాపురం, కోనసీమ జిల్లా’ అన్నంత వరకు చాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిన తరువాత నీ పాత సర్టిఫికెట్ల మీద తూర్పు గోదావరి అనీ, కొత్త కాగితాల మీద కోనసీమ అనీ ఉండడం సహజమే. ఆ తేడా గురించి రెజ్యూమెలో వివరణ ఇవ్వనక్కరలేదు.

ఫోన్ నంబరు చోట బావగారి నంబరు ఉంది. ఆడపిల్ల నంబరు నలుగురి చేతిలో పడకూడదన్న భయంతో మన ఇళ్ళలో ఇలా చేస్తారని నాకు తెలుసు, ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయినా ఒక్కసారి ఆలోచించు. కంపెనీ నుంచి ఫోన్ వచ్చేది ఉదయం పది, పదకొండు గంటల వేళ. అప్పటికి బావగారు చెరువు గట్టు మీద, నీటికి గాలి అందించే ఏరియేటర్ల హోరులో ఉంటారు. ఫోన్ తీసినా, ‘అమ్మాయి ఇంట్లో లేదండీ, సాయంత్రం చేయండి’ అంటారు. పిలవవలసిన వారి జాబితా పొడవుగా ఉన్నప్పుడు సాయంత్రం మళ్ళీ చేసేవారు అరుదు. కనుక నీ నంబరే ఇవ్వు. అవసరమైతే ఉద్యోగాల కోసమే వేరే సిమ్ తీసుకో. ఈమెయిల్ కూడా ఇంటర్మీడియట్ రోజులలో సరదాగా పెట్టుకున్నది కాకుండా, నీ పేరుతోనే కొత్తది తెరిచి, ప్రతిరోజూ చూడు.

ఇక ఆ ఆశయ వాక్యం. ‘సవాళ్ళతో కూడిన వాతావరణంలో పనిచేస్తూ సంస్థ అభివృద్ధికీ, నా అభివృద్ధికీ పాటుపడడం’ అన్న అర్థం వచ్చే ఆ ఇంగ్లీషు వాక్యం నేను చదివిన దరఖాస్తులలో చాలా వాటిలో ఉండేది. దానిని చదివి ఎవరినైనా పిలిచిన సందర్భం నాకు గుర్తు లేదు. దాని స్థానంలో నీవెవరో మూడు వాక్యాలలో చెప్పు. ఆక్వాకల్చర్‌లో బీఎస్సీ చేశావు, రెండేళ్ళు వనామీ రొయ్యల చెరువుల నీటి పరీక్షలు, బ్యాక్టీరియా పరీక్షలు చేశావు, నమూనాల నమోదులో క్రమపద్ధతి తెచ్చావు, ఇప్పుడు ఎగుమతి ప్లాంటులో నాణ్యతా విభాగంలో పని కోరుతున్నావు. ఈ నాలుగు సంగతులు పేజీ పైభాగంలో ఉంటే మిగతాది చదవడానికి కారణం దొరుకుతుంది.

అసలు సంగతి అనుభవం గురించి రాసే భాగం. దీని మీద నీవు ఎంత సమయం వెచ్చిస్తే అంత మంచిది. నీవు అక్కడ ఒకే ఒక్క వాక్యం రాశావు: ‘రెస్పాన్సిబుల్ ఫర్ వాటర్ అనాలిసిస్ అండ్ అదర్ ల్యాబ్ వర్క్స్.’ ఈ వాక్యాన్ని డెల్టాలోని ఏ ల్యాబులో పనిచేసిన వారైనా, నెల రోజులే చేసి మానేసిన వారైనా రాయవచ్చు. అప్పగించిన బాధ్యత మాత్రమే అందులో ఉంది, నీవు చేసిన పని లేదు. ఆ పనిని విప్పి చెప్పు. రోజుకు ఎన్ని నమూనాలు వచ్చేవి? వాటికి ఏయే పరీక్షలు చేసేదానివి? ఏ పరికరంతో, ఏ పద్ధతిలో? ఫలితం ఎప్పటిలోగా రైతుకు చేరేది? ఈ ప్రశ్నలకు నీవు నాతో నోటితో చెప్పిన జవాబులనే కాగితం మీద పెడితే ఇలా వస్తుంది: ‘రోజుకు ముప్పై నుంచి నలభై చెరువుల నీటి నమూనాలకు సాలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు చేసి, ఫలితాలను అదే రోజు మధ్యాహ్నానికి రైతులకు అందించాను.’ దాని కింద, బ్యాక్టీరియాను ప్లేట్ల మీద పెంచి చూసే పరీక్ష గురించి మరొకటి: ‘టీసీబీఎస్ ప్లేట్ల మీద పెరిగిన పసుపు, ఆకుపచ్చ విబ్రియో కాలనీలను లెక్కించి రిజిస్టరులో నమోదు చేశాను.’ ఇంగ్లీషులో రాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ టెస్టెడ్, కౌంటెడ్, రికార్డెడ్, ట్రెయిన్డ్ వంటి క్రియతో మొదలుపెట్టు. అప్పుడు వాక్యం చిన్నదవుతుంది, చేసింది నీవేనని స్పష్టంగా తెలుస్తుంది.

సంక్రాంతికి నీవు చెప్పిన సంగతులలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచినది నీ రెజ్యూమెలో అసలు లేనే లేదు. రైతులు నీళ్ళ సీసాలలోనూ, కూల్‌డ్రింకు సీసాలలోనూ నమూనాలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంటే, ఏ సీసా ఏ చెరువుదో తెలియక, ఫలితాలు తారుమారై గొడవలు వచ్చేవని చెప్పావు. అప్పుడు నీవు చిన్న చీటీల మీద ఊరి పేరు, చెరువు నంబరు, నీరు పట్టిన సమయం రాయించి, అదే నంబరు రిజిస్టరులోనూ వేసి, చీటీ అంటించని సీసాను బల్ల మీద పెట్టనివ్వకుండా ఒక పద్ధతి పెట్టావు. ఆ తరువాత రెండోసారి పరీక్ష చేయవలసి రావడం బాగా తగ్గిందని కూడా చెప్పావు. అది చిన్న విషయమని నీవు వదిలివేసి ఉంటావు. ఎగుమతి ప్లాంటులో నాణ్యతా విభాగం అధిపతికి అది చిన్న విషయం కాదు. విదేశానికి పోయే రొయ్యల లాటులో ఏదైనా తేడా వస్తే, అది ఏ చెరువు నుంచి, ఏ రోజున వచ్చిందో వెనక్కి వెళ్ళి చెప్పగలగాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది, నష్టం భారీగా ఉంటుంది. నమూనాకు గుర్తింపు ఉండాలని ఎవరూ చెప్పకుండానే గ్రహించి, అందరిచేత పాటింపజేసిన అమ్మాయి తన విభాగంలో ఉండాలని ఆయన తప్పక కోరుకుంటాడు. దీనిని అనుభవంలో మొదటి వాక్యంగా పెట్టు: సమస్య ఏమిటి, నీవేమి చేశావు, దాని వల్ల ఏమి మారింది, ఈ మూడూ ఒక్క వాక్యంలోనో రెండింటిలోనో రావాలి.

అంకెలు వేసేటప్పుడు నిజాయితీ తప్పవద్దు. రెండోసారి పరీక్షలు ఎంత తగ్గాయో రిజిస్టరు చూసి చెప్పగలిగితే ఆ అంకె వెయ్యి. చూడలేకపోతే ‘తగ్గాయి’ అని మాత్రమే రాయి. నోటికి వచ్చిన శాతం వేస్తే, ఎలా లెక్కకట్టావని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు నీళ్ళు నమలవలసి వస్తుంది, ఆ తరువాత నీవు చెప్పే నిజాలను కూడా వారు అనుమానంతోనే వింటారు. అలాగని రిజిస్టరు పేజీలను ఫోటోలు తీసి ఎవరికీ పంపకు. రైతుల పేర్లు, వారి చెరువుల ఫలితాలు ల్యాబువే గానీ నీవి కావు.

రోగక్రిమి జన్యు పదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్ష విషయంలో కూడా ఇదే మాట. తెల్లమచ్చ వైరస్‌కూ, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవికీ పీసీఆర్ పరీక్షలు చేసినట్లు వేరొక చోట రాశావు. నాకు గుర్తున్నంత వరకు నీవు నమూనా సిద్ధం చేసి, డీఎన్‌ఏ తీసి ఇచ్చేదానివి, యంత్రం నడిపి ఫలితం చెప్పేది మీ సీనియరు. ఉన్నది ఉన్నట్లు ‘పీసీఆర్ పరీక్షలకు నమూనాలు సిద్ధం చేసి డీఎన్‌ఏ వేరు చేశాను’ అని రాస్తే అందులో తక్కువతనం ఏమీ లేదు. పూర్తిగా చేశానని రాస్తే, పాజిటివ్ కంట్రోల్, అంటే తప్పక పాజిటివ్ చూపవలసిన నమూనా, ఆ ఫలితం ఇవ్వకపోతే ఏమి చేస్తావన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. స్వయంగా చేసినవి, సాయం చేసినవి, చూసి తెలుసుకున్నవి మూడూ వేరు వేరు. ఆ తేడా కనబడేటట్లు రాసిన మనిషిని చదివేవారు నమ్ముతారు.

ప్రకటనను కాగితం మీదకు తీసి, పెన్సిలుతో గీతలు గీస్తూ చదువు. ముడిసరుకు తనిఖీ, హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రతా పద్ధతి), ఎలీసా (అవశేషాలను పట్టే పరీక్ష), రికార్డుల నిర్వహణ అన్న మాటలు అందులో ఉన్నాయని చెప్పావు. వీటిలో నీకు నిజంగా సంబంధమున్న వాటిని ప్రకటనలో ఉన్న మాటలతోనే నీ రెజ్యూమెలో వాడు. పెద్ద సంస్థలు ఇప్పుడు దరఖాస్తులను ముందుగా సాఫ్ట్‌వేరుతో వడపోస్తున్నాయి, అది వెతికేది ఆ మాటల కోసమే. అందుకనే రెండు నిలువు వరుసలుగా విడగొట్టిన పేజీలు, పట్టికలు, బొమ్మలు వద్దు. వాటిలోని అక్షరాలు సాఫ్ట్‌వేరుకు కొన్నిసార్లు సరిగా అందవు. ఇంగ్లీషు ఎనభై శాతం, ఎక్సెల్ డెబ్బై శాతం అని చూపించే రంగు గీతలు కూడా తీసివేయి. ఎక్సెల్‌లో నీవు ఏమి చేయగలవో చెప్పు: నెలవారీ ఫలితాల పట్టిక తయారుచేసేదానివి కదా, అది చాలు. హెచ్‌ఏసీసీపీలో నీకు పని అనుభవం లేదు కనుక ఉన్నట్లు రాయవద్దు. దరఖాస్తు చేసేలోగా దాని ఏడు సూత్రాలను చదివి, ప్లాంటులో ముడిసరుకు దించుకునే చోట ఏమేమి చూస్తారో, గడ్డకట్టిన సరుకును మైనస్ 18 డిగ్రీలలో ఎందుకు ఉంచుతారో తెలుసుకుని వెళ్ళు. శిక్షణ తీసుకుంటే అప్పుడు రెజ్యూమెలో చేర్చు.

ఈ రెజ్యూమెనే హైదరాబాదుకో చెన్నైకో, ఆక్వాతో సంబంధం లేని ఆహార పరిశ్రమకో పంపదలచుకుంటే ఒక వాక్యం అదనంగా కావాలి. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చిన తరువాత మన డెల్టాలో ఊరూరా వెలసిన ల్యాబుల సంగతి కాకినాడ వారికి చెప్పనవసరం లేదు గానీ, దూరపు వారికి తెలియదు. ల్యాబు పేరు పక్కన ‘రొయ్యల రైతులకు నీరు, వ్యాధి పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబు’ అని రాస్తే వారికి అర్థమవుతుంది. ఒకే కాగితాన్ని అన్ని చోట్లకూ పంపడం శ్రమ తగ్గించేదే గానీ ఫలితం ఇచ్చేది కాదు.

చదువు భాగం సులువు. డిగ్రీ ముందు, ఇంటర్మీడియట్ తరువాత, పదో తరగతి చివర రావాలి. కళాశాల పేరుతో పాటు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పేరు కూడా ఉండాలి. సీజీపీఏ మార్కుల జాబితాలో ఎలా ఉందో అలాగే వెయ్యి, నీకై నీవు శాతంలోకి మార్చకు. పుస్తకాలు చదవడం, పాటలు వినడం అన్న అభిరుచుల వరుస తీసివేయి.

ఇప్పుడు నీవు మొహమాటపడుతున్న విషయం. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మంచాన పడినప్పుడు నీవు ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు ఇంట్లో ఉండి ఆవిడకు చేసిన సేవ మేమెవ్వరం మరిచిపోలేదు. ఆ ఎనిమిది నెలలు కనబడకుండా ల్యాబులో పనిచేసిన కాలాన్ని మార్చి వరకు పొడిగించి రాశావని గమనించాను. అది వెంటనే సరిచెయ్యి. కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకునే ముందు పాత ఉద్యోగ వివరాలను సరిచూస్తాయి. పీఎఫ్ ఉన్నవారికి యూఏఎన్ అనే పీఎఫ్ గుర్తింపు నంబరు కింద చేరిన తేదీ, మానేసిన తేదీ నమోదై ఉంటాయి. మీ ల్యాబు చిన్నది, ఇరవై మంది లేని చోట పీఎఫ్ తప్పనిసరి కాదు కనుక నీకు అది లేకపోవచ్చు. అప్పుడు వారు నేరుగా ల్యాబుకే ఫోన్ చేసి అడుగుతారు. తేదీలు కలవలేదంటే, ఇచ్చిన ఉద్యోగం కూడా వెనక్కి తీసుకోవచ్చు. ‘కుటుంబ సభ్యురాలి అనారోగ్యం వల్ల ఎనిమిది నెలలు విరామం’ అని ఒక్క వాక్యం రాయి. ఇంటర్వ్యూలో అడిగితే తల ఎత్తుకుని అదే మాట చెప్పు. పెద్దావిడను చూసుకున్నందుకు నిన్ను తక్కువగా చూసే చోట నీవు పనిచేయకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. ఈలోగా ల్యాబు యజమాని దగ్గరకు వెళ్ళి, చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా ఉండేటట్లు లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకో. నీ గురించి చెప్పగలవారిగా ఆయన పేరు ఇవ్వదలచుకుంటే అప్పుడే ముందుగా అనుమతి అడుగు.

రెండేళ్ళ అనుభవానికి ఒక పేజీ సరిపోతుంది. అక్షరాలు మరీ చిన్నవి చేసి ఇరికించకు. పూర్తయ్యాక పీడీఎఫ్‌గా మార్చి, ఫైలుకు నీ పేరు, ఉద్యోగం పేరు పెట్టు. ‘న్యూ రెజ్యూమె ఫైనల్ టూ’ అన్న పేరుతో వచ్చిన ఫైలు ఎవరిదో అవతలివారికి తెలియదు. ఈమెయిల్‌ను ఖాళీగా పంపకుండా, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నావో, నమూనాల నమోదులో నీవు తెచ్చిన మార్పు ఏమిటో, ఎప్పటి నుంచి చేరగలవో నాలుగైదు వాక్యాలలో రాయి. పంపే ముందు ఇంగ్లీషు బాగా తెలిసిన ఒకరి చేత చదివించు. ఇంటర్వ్యూకనీ, ఖరారు చేయిస్తామనీ ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపకు, వెంటనే నాకు చెప్పు.

దరఖాస్తుకు ఇంకా పది రోజుల గడువు ఉందన్నావు. ఆదివారానికల్లా ముందు అనుభవం భాగం ఒక్కటే తిరగరాసి నాకు పంపు. ప్రతి వాక్యం పక్కన అది నీవు స్వయంగా చేసినదో, సాయం చేసినదో తెలుగులో గుర్తు పెట్టు. దానిని చూసిన తరువాత మిగిలినది ఫోన్‌లో మాట్లాడుకుని సరిచేద్దాం.

అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ